43వ పటంలోని పాము

సింగపూర్ ఈశాన్య కొసన ఉన్న పుంగ్గోల్ ఒకప్పుడు పందుల దొడ్లకూ కోళ్ళ ఫారాలకూ పేరుపడ్డ పల్లె ప్రాంతం. 1996లో ప్రభుత్వం ప్రకటించిన ప్రణాళికతో అది బహుళ అంతస్తుల పట్టణంగా మారింది. పాత నేల చాలావరకు కాంక్రీటు కిందికి పోయింది. ఇప్పుడక్కడ మట్టి పార్కుల్లోనూ, వసారాల్లో పెట్టుకున్న తులసి, కరివేపాకు కుండీల్లోనూ కనిపిస్తుంది. సింగపూర్ తోటల్లో అటువంటి మట్టిని తిరగేసినప్పుడు ఒక్కొక్కసారి సన్నటి నల్లటి ప్రాణి ఒకటి మెలికలు తిరుగుతూ బయటపడుతుంది. చూసినవాళ్ళు వానపాము అనుకుని మళ్ళీ మట్టి కప్పేస్తారు.

అది వానపాము కాదు, నిజమైన పామే. పొడవు ఓ జానెడు కన్నా తక్కువ, లావు అగ్గిపుల్లకు కాస్త ఎక్కువ. ఒంటి నిండా నున్నటి పొలుసులుంటాయి. కళ్ళు పొలుసుల కింద రెండు చుక్కలుగా మిగిలాయి. చీమల, చెదల గుడ్లూ లార్వాలూ దాని ఆహారం. విషం లేదు, కాటు లేదు. బతుకంతా మట్టిలోనే. అయినా ప్రపంచంలో ఇంత విస్తారంగా వ్యాపించిన నేలపాము మరొకటి లేదు. శాస్త్రజ్ఞులు దీన్ని ఇండోటిఫ్లాప్స్ బ్రామినస్ అంటారు. ఇటీవలి కాలంలో దీని జన్యుపటాన్ని మొత్తంగా చదివారు. ఆ చదువులో తేలిన సంగతులు ఆశ్చర్యకరమైనవే. అయితే ఈ పాము కథ ప్రయోగశాలలో మొదలు కాలేదు, విశాఖపట్నంలో మొదలయింది. ఆ కథకు ఆధారం లండన్‌లో 1796లో అచ్చయిన ఒక పెద్ద సైజు పుస్తకం. దాన్ని రాసినవాడు ఒక వైద్యుడు.

పాట్రిక్ రస్సెల్ ఎడిన్‌బరోలో చదువుకున్న స్కాట్లండ్ వైద్యుడు. సిరియాలోని అలెప్పో నగరంలో తన అన్న అలెగ్జాండర్ తరవాత ఇంగ్లీషు వర్తకుల వైద్యుడిగా చాలా ఏళ్ళు పనిచేశాడు. అక్కడ 1760లలో వచ్చిన ప్లేగును దగ్గరుండి చూసి, ఆ అనుభవంతో తరవాత ఒక ఉద్గ్రంథం రాశాడు. 1781లో తమ్ముడు క్లాడ్‌కు ఈస్టిండియా కంపెనీ విశాఖపట్నం పాలన అప్పగించినప్పుడు అతనితో పాటు బయలుదేరాడు. అప్పటికే యాభై దాటిన వయసు. 1785లో కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడు, లిన్నేయస్ శిష్యుడు యోహాన్ కోనిగ్ మరణించగా ఆ ఉద్యోగం రస్సెల్‌కు వచ్చింది. మొక్కలను వెతకడం ఆ ఉద్యోగం. ఆయన మనసు మాత్రం పాముల మీదికి పోయింది.

దానికి కారణం వైద్యుడికే అర్థమవుతుంది. పాము కరిచినవాడిని మోసుకొచ్చినప్పుడు మొదటి ప్రశ్న మందు గురించి కాదు, ఏ పాము కరిచిందన్నదే. విషం లేని పాము కరిచి, మంత్రం వేయించుకుని బతికినవాడు మంత్రానికి మహిమ ఆపాదిస్తాడు. నాగుపాము కరిచి చనిపోయినవాడి ఇంట్లో వేళకు మంత్రగాడు దొరకలేదంటారు. పాముల తేడా తెలియనంత కాలం ఏ మందు పనిచేసిందో, ఏది పనిచేయలేదో తేల్చే దారి లేదు. రస్సెల్ ఈ చిక్కును పట్టుకున్నాడు. పాములను తెప్పించి, కోరలు పరీక్షించి, పొట్ట పొలుసులూ తోక పొలుసులూ లెక్కపెట్టి, కోళ్ళనూ కుక్కలనూ కరిపించి ఫలితం రాసుకున్నాడు. ఈనాటి నీతి సూత్రాలకు ఆ ప్రయోగాలు నిలవవు. ఆనాడు మాత్రం అంత క్రమపద్ధతిలో ఈ పని చేసినవారు భారతదేశంలో మరెవరూ లేరు.

‘కోరమాండల్ తీరంలో సేకరించిన భారతీయ సర్పాల వివరణ’ అన్న ఆయన పుస్తకంలో తెలుగు చదువరిని ముందుగా ఆపేది శాస్త్రం కాదు, పేర్లు. ప్రతి పాముకూ స్థానికులు చెప్పిన పేరును రస్సెల్ చెవికి వినిపించినట్టు రోమన్ అక్షరాల్లో రాసుకున్నాడు. పెద్ద పొడ, కాటుక రేకుల పొడ, జెర్రిపోతు, పసిరిక పాము, చింత నాగు, బంగారు పాము. అక్షరాల కూర్పు చిత్రంగా ఉన్నా గట్టిగా పైకి చదివితే తెలుగు తెలుగులాగే వినిపిస్తుంది. కాంప్‌బెల్ వ్యాకరణం 1816లోనూ, బ్రౌన్ నిఘంటువు 1852లోనూ వచ్చాయి. వాటికి ఎంతో ముందే ఉత్తరాంధ్ర పల్లెజనం నోటి మాటలు లండన్‌లో అచ్చయ్యాయన్న మాట. నిఘంటువులకెక్కని కొన్ని పాము పేర్లు బహుశా ఈ పుస్తకం పుటల్లోనే బతికి ఉన్నాయి.

ఆ పేర్లలో కొన్ని చాలా దూరం పోయాయి. నల్లటి కాటుక రేకుల్లాంటి మచ్చలున్న పొడపాము, అంటే నేటి రక్తపింజర, రస్సెల్ పేరుతోనే ప్రపంచానికి తెలిసింది. పసుపు పట్టీలు మెరిసే బంగారు పాము నుంచి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దౌదిన్ 1803లో బుంగారస్ అనే ప్రజాతి నామాన్ని తయారుచేశాడు. కట్లపాములన్నిటికీ ఈనాటికీ అదే పేరు. ప్రపంచంలో ఏ ఆసుపత్రిలో కట్లపాము కాటు గురించి రాసినా, రాసేవారికి తెలియకుండానే ఒక తెలుగు మాట ఆ కాగితం మీదికి వస్తుంది.

ఇక 43వ పటం. అందులో చిన్న పాము బొమ్మ, దానికి ‘రొండూ తలూలూ పాం’ అన్న పేరు. ‘రెండు’ అని కాకుండా ‘రొండు’ అని ఉండటం గమనించదగ్గది. చెప్పినవాడు పండితుడు కాదు, వాడుక భాష మాట్లాడేవాడు. రస్సెల్ దాన్ని సంస్కరించకుండా విన్నది విన్నట్టు రాశాడు. తలా తోకా ఒకే మొద్దుగా ఉండి, ఏది ఎటో తెలియక, రెండు వైపులా కదిలినట్టు కనిపించే ప్రాణికి ఆ పేరు సహజం. శరీర నిర్మాణం దృష్ట్యా అది పొరపాటే. చూసినదాన్ని చెప్పిన తీరులో మాత్రం పొరపాటు లేదు. రస్సెల్ పొరపాటును దిద్దాడు, పేరును పారేయలేదు.

ఫ్రాన్స్వా మారీ దౌదిన్ ఈ పామును చూడలేదు. చిన్నతనంలోనే జబ్బుచేసి కాళ్ళు పడిపోయిన మనిషి. పారిస్‌లో కూర్చుని, ఇతరుల పుస్తకాలూ మ్యూజియం నమూనాలూ ఆధారంగా, భార్య గీసిన బొమ్మల తోడుతో సరీసృపాల మీద ఎనిమిది సంపుటాలు రాశాడు. 1803లో, ముప్పై ఏళ్ళు నిండకుండానే, క్షయతో చనిపోయాడు. ఆ గ్రంథం ఏడవ సంపుటంలో రస్సెల్ 43వ పటాన్ని ఆధారం చేసుకుని ‘ఎరిక్స్ బ్రామినస్’ అని నామకరణం చేశాడు. ఆ తరవాత ప్రజాతి పేరు మారుతూ వచ్చింది. టిఫ్లాప్స్ అయింది, రామ్ఫోటిఫ్లాప్స్ అయింది, 2014 నుంచి ఇండోటిఫ్లాప్స్ అయింది. బ్రామినస్ అన్న రెండో మాట మాత్రం కదల్లేదు. ఆ మాటకు ఆధారం విశాఖపట్నం పాము, ఆ పాముకు ఆధారం ఒక బొమ్మ, ఆ బొమ్మకు శీర్షిక ఒక తెలుగు మాట.

తెలుగువాళ్ళు ఈనాడు రెండు తలల పాము అంటే మరొకటి తలచుకుంటారు. అది మట్టిరంగు మందపాటి ఇసుకపాము. విచిత్రంగా దానికి శాస్త్రీయ నామం పెట్టినవాడూ రస్సెలే. తన రెండో సంపుటంలో, 1801లో, తరంగంబాడిలోని మతబోధకుడు, ప్రకృతి పరిశీలకుడు క్రిస్టఫ్ సామ్యుయేల్ జాన్ పేరిట దానికి జానీ అని పేరు పెట్టాడు. తరవాత దాన్ని కూడా దౌదిన్ ఎరిక్స్ ప్రజాతిలోనే చేర్చారు. అంటే విశాఖ పల్లెల్లోని మనుషులూ, పారిస్ శాస్త్రజ్ఞుడూ మొద్దుతోకను చూసి ఒకే రకంగా ఆలోచించారు. నిజానికి ఈ రెండు పాములకూ దగ్గర చుట్టరికం లేదు. మట్టిలో దూరే జీవితం రెండిటికీ ఒకే రకం తోకను ఇచ్చింది, అంతే.

ఈ పోలిక వల్ల గుడ్డిపాముకు ఏ నష్టమూ కలగలేదు. ఇసుకపాముకు మాత్రం ప్రాణం మీదికి వచ్చింది. రెండు తలలున్న పాము ఇంట్లో ఉంటే ధనం కురుస్తుందనీ, గుప్తనిధులు చూపిస్తుందనీ, బరువును బట్టి లక్షలు పలుకుతుందనీ పుకారు పుట్టింది. తోకకు వాత పెట్టి అక్కడ కళ్ళూ నోరూ ఉన్నట్టు చూపించే మోసం కూడా ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడమూ అమ్మడమూ నేరం. అయినా ఉభయ తెలుగు రాష్ట్రాల్లో ఈ బేరాలు పోలీసులకు పట్టుబడుతూనే ఉన్నాయి. ఎలుకలను తిని రైతుకు మేలు చేసే ప్రాణి సంచీల్లో ఊపిరాడక చస్తోంది. రస్సెల్ ఆ పేరును విని, పామును తిప్పి చూసి, తల ఒకటేనని రాసి రెండు శతాబ్దాలు దాటింది. కొనేవాడు ఇప్పటికీ తిప్పి చూడటం లేదు.

గుడ్డిపాము కథ మరో దిక్కుకు పోయింది. మొక్కలు ఓడలెక్కిన ప్రతి చోటికీ వేళ్ళ మట్టితో పాటు అదీ వెళ్ళింది. అందుకే ఇంగ్లీషువాళ్ళు దీనికి పూలకుండీ పాము అని పేరు పెట్టారు. 19వ శతాబ్దంలో లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్ కనిపెట్టిన గాజుపెట్టెల వల్ల లేత మొక్కలు మట్టితో సహా సముద్రాలు దాటగలిగాయి. సింగపూర్ వృక్షశాలకు 1877లో రబ్బరు మొలకలు సింహళం మీదుగా వచ్చినది ఆ పెట్టెల్లోనే. ఇలాంటి ఏ మట్టిపెట్టె అయినా ఈ పాముకు టిక్కెట్టు లేని ప్రయాణమే. హవాయి దీవుల్లో ఇది 1930లో కనిపించింది. ఫిలిప్పీన్స్ నుంచి తెచ్చిన తాటిజాతి మొక్కల మట్టిలో వచ్చి ఉంటుందని నిర్ణయించారు. సెషెల్స్, ఫ్లోరిడా, మెక్సికో, ఆస్ట్రేలియా ఉత్తర తీరం, ఎక్కడ వెతికినా ఉంది.

వలస పోయిన ప్రాణి కొత్త చోట నిలదొక్కుకోవాలంటే మామూలుగా ఆడా మగా రెండూ చేరాలి. ఈ పాముకు ఆ అవసరం లేదు. ప్రపంచమంతటా దొరికిన నమూనాల్లో శాస్త్రజ్ఞులకు కనిపించినవన్నీ ఆడవే. మగతోడు లేకుండానే బియ్యపు గింజల్లాంటి గుడ్లు కొన్ని పెడుతుంది, వాటిలోంచి మళ్ళీ ఆడపిల్లలే పుడతాయి. ఈ సంగతిని 1970లలో అనుమానించారు. 1980లో రొనాల్డ్ నస్‌బామ్ సెషెల్స్ పాములను పరిశీలించి బలపరిచాడు. 1987లో క్రోమోజోములను చూసినప్పుడు మరో వింత తేలింది. జంతువుల్లో క్రోమోజోములు సాధారణంగా రెండు వరసలుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఈ పాములో మూడు వరసలున్నాయి. మగతోడు లేకుండానే జాతిని కొనసాగించే పాము జాతి ఇదొక్కటే. కుండీలో ఒక్క పాము ఉంటే చాలు, ఒక దీవి నిండుతుంది.

మూడు వరసలున్న ప్రాణి జన్యుపటాన్ని చదవడం ఎందుకు కష్టమో తాళపత్రాలు పరిష్కరించినవారికి సులువుగా బోధపడుతుంది. ఒకే కావ్యానికి ముగ్గురు లేఖకులు రాసిన మూడు ప్రతులున్నాయనుకుందాం. మూడింటికీ అక్కడక్కడ పాఠాంతరాలున్నాయి. తాడు తెగి మూడు ప్రతుల ఆకులూ ముక్కలై కలిసిపోయాయి. ఏ ముక్క ఏ ప్రతిదో తేల్చి మూడింటినీ విడివిడిగా కూర్చాలి. పాత పద్ధతిలో డీఎన్ఏను చిన్న చిన్న ముక్కలుగా చదివేవారు. అంత చిన్న ముక్కలో పాఠాంతరం కనిపించక మూడు ప్రతులూ కలగాపులగమయ్యేవి. పొడవాటి ముక్కలను ఏకబిగిన చదివే యంత్రాలు వచ్చాక, కణంలో ఏ భాగం ఏ భాగానికి దగ్గరగా ముడుచుకుని ఉంటుందో చెప్పే పద్ధతి తోడయ్యాక, ఈ పని చేతికందింది.

దీనికి ముందు 2023లో చైనాలోని చెంగ్దూ జీవశాస్త్ర సంస్థ పరిశోధకులు ‘సెల్’ పత్రికలో 14 పాముల జన్యుపటాలను ప్రకటించారు. పీటీసీహెచ్1 అనే జన్యువులో మూడు అమైనో ఆమ్లాలు లోపించడానికీ, పాములకు కాళ్ళు లేకపోవడానికీ సంబంధం ఉందని అందులో ప్రతిపాదించారు. గుడ్డిపాముల్లో చూపుకు సంబంధించిన జన్యువులు చాలా పోయాయని ఇలాంటి పరిశోధనలు చూపించాయి. వాడని గదికి తాళం వేసినట్టు, చీకట్లో బతికే ప్రాణి రంగులు చూసే సామర్థ్యాన్ని వదులుకుంది. మసక వెలుతురును పట్టే ఒక వర్ణకం మాత్రం దానికి మిగిలింది. ఎండ తగలగానే మట్టిలోకి దూరడానికి అది చాలు.

ఆ తరవాత చైనా పరిశోధకులూ, టెక్సస్ విశ్వవిద్యాలయపు ఆర్లింగ్టన్ శాఖకు చెందిన మాథ్యూ ఫుజీటా వంటివారూ కలిసి బ్రామినస్ పూర్తి జన్యుపటాన్ని ‘సైన్స్ అడ్వాన్సెస్’ పత్రికలో ప్రచురించారు. అందులో క్రోమోజోములు మూడు ఉపపటాలుగా విడిపోయి కనిపించాయి. వాటి చరిత్రలో క్రోమోజోములు ఒకదానితో ఒకటి అతుక్కుపోయిన గుర్తులున్నాయి. గుడ్డు తయారయ్యే ముందు కణం తన క్రోమోజోములన్నిటికీ మరో నకలు తీసుకుంటుందనీ, ఆ తరవాత ప్రతి క్రోమోజోమూ తన నకలుతోనే జతకడుతుందనీ, అందువల్ల మూడు వరసలూ చెదరకుండా బిడ్డకు చేరతాయనీ వారి ప్రతిపాదన. తండ్రి లేని సంతానంలో కూడా వైవిధ్యం ఎలా నిలిచి ఉందన్న ప్రశ్నకు ఇది ఒక సమాధానం. నకలు తీసేటప్పుడు దొర్లే తప్పులు తరతరాలుగా పేరుకుపోతే ఏమవుతుందన్నది తరవాతి ప్రశ్న. స్త్రీ పురుష కలయికలో జన్యువులు కలబోసుకుని కొన్ని తప్పులు వడపోతకు గురవుతాయి. ఈ పాముకు ఆ అవకాశం లేదు.

పాముల డీఎన్ఏ చదువులో తెలుగునేలకు మరో పాత్ర కూడా ఉంది. రస్సెల్ చదివిన ఎడిన్‌బరోలోనే 1970ల, 80ల నాడు లాల్జీ సింగ్ పరిశోధన చేశాడు. పాముల్లో ఆడా మగా తేడాను నిర్ణయించే క్రోమోజోములను శోధిస్తూ, పట్టీల కట్లపాము డీఎన్ఏలో పదేపదే వచ్చే ఒక శకలాన్ని పట్టుకున్నాడు. ఆ పట్టీల కట్లపామే రస్సెల్ రాసిన బంగారు పాము. 1987లో హైదరాబాదు సీసీఎంబీకి వచ్చాక ఆ శకలం ఆధారంగానే భారతదేశపు డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని రూపొందించాడు. పితృత్వ వివాదాలూ హత్యానేరాలూ దాంతో తేలాయి. చిన్న మాంసపు ముక్క నుంచీ, చర్మపు పేలిక నుంచీ అది ఏ జంతువుదో చెప్పే విద్య కూడా అదే సంస్థలో పెరిగింది. సంచీలో దొరికింది ఇసుకపామో కాదో న్యాయస్థానానికి నిరూపించవలసి వస్తే నేడు చేసే పరీక్ష ఈ కోవలోదే.

ఇది ఏ పాము? విశాఖపట్నంలో రస్సెల్ అడిగిన ప్రశ్న ఇదే, జన్యుశాస్త్రం అడుగుతున్నదీ ఇదే. వేళాకోళానికి అడిగే ప్రశ్న కాదిది. 2000 నుంచి 2019 దాకా భారతదేశంలో పాముకాటుకు ఏటా సగటున 58,000 మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం లెక్క తేల్చింది. నాలుగు ముఖ్యమైన విషసర్పాల మీద పనిచేసేట్టు తయారుచేసిన విరుగుడు మందు దేశంలో ఉంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, నాలుగూ రస్సెల్ పుస్తకంలో ఉన్నాయి. 2020లోనే నాగుపాము జన్యుపటం వెలువడి, విషానికి సంబంధించిన 139 జన్యువులను గుర్తించింది. గుర్రాల రక్తం మీద ఆధారపడని కొత్త విరుగుడుకు అది దారి చూపవచ్చు. విషం లేని గుడ్డిపామును చదివినందువల్ల రేపే ఏ రోగికీ మేలు జరగదు. కానీ విషం ఎప్పుడు, ఏ కొమ్మలో పుట్టిందో తెలుసుకోవాలంటే విషం పుట్టకముందే చీలిపోయిన కొమ్మను చూడక తప్పదు. గుడ్డిపాములు పాముల వంశవృక్షంలో అతి ప్రాచీన కాలంలోనే వేరుపడ్డ కొమ్మ.

రస్సెల్ పుస్తకంలో ఒక పెద్ద లోటుంది. పేర్లు చెప్పినవారి పేర్లు అందులో లేవు. పుట్టలు తవ్వి, చేతులతో పాములు పట్టి, ఇది పెద్ద పొడ, ఇది రొండు తలల పాము అని చెప్పి, కరవదని ధైర్యం చెప్పినవారు ఎవరో తెలియదు. కంపెనీ ఉద్యోగుల పుస్తకాల్లో అది ఆనాటి మామూలే. జన్యుపటాల భాండాగారాల్లో ఈ పాము పేరు పక్కన దౌదిన్ పేరు, 1803 అన్న సంవత్సరం కుండలీకరణాల్లో ఉంటాయి. మొదట పెట్టిన ప్రజాతి మారిందని ఆ కుండలీకరణాలకు అర్థం. పామును చూసి రాసిన రస్సెల్ పేరు అక్కడ ఉండదు. దాన్ని పట్టి తెచ్చిన మనిషి చెప్పిన పేరు ఉండే చోటు 43వ పటం ఒక్కటే.